కన్నీటి బుడ్డియా, అత్తరు సీసాయా?

ధ్యాన భాగములు: కీర్తన 56:8, యోబు 13:7, రోమా 3:7, 8



ఈ మాసపు ధ్యానమును మేము ఒక ఒప్పుకోలుతో ఆరంభించుచున్నాము. పండ్రెండు సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక తల్లి తన ఒక్క కుమారుని పోగొట్టుకొనెను. ఆ బాలుడు పది దినములు జ్వరముతో నుండి ప్రభువునందు నిద్రించెను. సమాధి యొద్ద మేము 56వ కీర్తన చదివి, దేవుడు తన బిడ్డల కన్నీళ్లను బుడ్డిలో దాచునని దావీదు పలికిన మాటను వివరించితిమి. ఆ వివరణలో ఒక సంగతి చేర్చితిమి. పూర్వకాలమున రోమనులు తమవారు చనిపోయినప్పుడు కార్చిన కన్నీళ్లను చిన్న గాజు సీసాలలో పట్టి శవముతోకూడ సమాధిలో ఉంచెడివారనియు, పురావస్తు శాస్త్రజ్ఞులు త్రవ్వకములలో అట్టి కన్నీటి బుడ్లను అనేకముగా కనుగొనిరనియు, దావీదు ఆ ఆచారమును మనస్సున నుంచుకొనియే ఆ మాట వ్రాసెననియు చెప్పితిమి. వినినవారు కన్నులు తుడుచుకొనిరి. ప్రసంగము చాల బాగుండెనని పెద్దలు మాతో చెప్పిరి. మేమును అట్లే అనుకొంటిమి. తరువాత అనేక సమాధుల యొద్ద అదే సంగతిని మరల మరల చెప్పితిమి.

అది మాకు సెమినరీ దినములలో ఒక పాత ప్రసంగముల పుస్తకములో దొరికినది. మేము దానిని పరీక్షింపలేదు. వినుటకు ఇంపుగా నుండెను గనుక వాడుకొంటిమి.

అది నిజము కాదు.

రెండు సంవత్సరముల క్రిందట, పట్టణములో చరిత్ర చదువుచున్న మా సంఘపు యౌవనుడొకడు క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చెను. ఆరాధన ముగిసి అందరు వెళ్లువరకు వేచియుండి, మెల్లగా మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఏమీ అనుకోవద్దండీ. మీరు చెప్పే సీసాలు కన్నీళ్ల సీసాలు కావండీ. అవి అత్తరూ, నూనే పోసుకునే సీసాలు. మాకు పాఠం చెప్పేటప్పుడు చెప్పారు” అనెను. మాకు లోలోపల కోపము వచ్చెను. నిన్న మొన్నటివరకు సండేస్కూలులో మాకు వాక్యములు అప్పగించిన పిల్లవాడు ఇప్పుడు మాకు బోధించుటయా అనుకొంటిమి. అయినను ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తరువాత కొన్ని నెలలు ఆ సంగతిని వెదకి చదివితిమి. పిల్లవాడు చెప్పినదే నిజము.

సీసాలు చెప్పు సాక్ష్యము

పాత గాజు సీసా ఒక మంచి సాక్షి. అది తానెప్పుడు పుట్టెనో తన రూపముతోనే చెప్పును. మనమెరిగిన గోలీ సోడా సీసానే చూడుడి. మెడలో గోలీ నుంచి గ్యాసు ఒత్తిడితో మూయు ఈ సీసాకు ఇంగ్లండు దేశస్థుడైన హైరం కాడ్ అనువాడు 1872లో పేటెంటు పొందెను. కాబట్టి భూమిలో ఒక పొరయందు గోలీ సోడా సీసా దొరికినయెడల, ఆ పొర అంతకంటె పాతది కానేరదు. శ్రీరామపురపు మిషనరీయగు విలియం కేరీగారు 1834లో చనిపోయిరి. కేరీగారు గోలీ సోడా త్రాగిరని ఎవరైన చెప్పినయెడల, వారితో వాదింపనక్కరలేదు. సీసాయే సాక్ష్యమిచ్చును.

ఇక దావీదు సంగతి చూతము. దావీదు క్రీస్తుకు రమారమి వెయ్యి సంవత్సరములు ముందటివాడు. ఆ కాలమున గాజు లేకపోలేదు గాని అది బహు అరుదు. మట్టితో అచ్చు చేసి, దానిమీద కరగిన గాజును చుట్టి, చల్లారిన పిమ్మట లోపలి మట్టిని గీకివేసి ఒక్కొక్క బుడ్డిని చేసెడివారు. అట్టివి రాజులకును ధనవంతులకును మాత్రమే దొరకెడివి. యోబు 28:17లో జ్ఞానమునకు సాటిరానివాటిని లెక్కించుచు, బంగారము ప్రక్కనే చెప్పిన వస్తువునకు హెబ్రీ మూలములో గాజు అనియే అర్థము. ఆనాడు గాజు బంగారముతో తూగెడిది.

గొట్టము చివర కరగిన గాజు ముద్దనుంచి, నోటితో ఊది బుడగవలె పొంగించు విద్య క్రీ.పూ. 50 ప్రాంతమున సిరియా, పాలస్తీనా తీరదేశములలో పుట్టినది. యెరూషలేము పాతపట్టణములోని యూదుల వాడలో నహ్మాన్ అవిగాద్ అను శాస్త్రజ్ఞుడు 1969లో ఆరంభించిన త్రవ్వకములలో, ఆ కాలపు గాజు పనివారు పారవేసిన ముక్కలును గొట్టములును కుప్పగా దొరికెను. గాజును ఊదుటకు వారు చేసిన తొలి ప్రయత్నములు వాటిలో కనబడుచున్నవి. ఈ విద్య వచ్చిన తరువాత గాజు ధర ఎంత పడిపోయెననగా, రోమాలో ఒక రాగి కాసుకు గాజు గిన్నె దొరకునని ఆనాటి భూగోళ గ్రంథకర్తయైన స్ట్రాబో వ్రాసియున్నాడు. రోమనుల సమాధులలో దొరకు చిన్న గాజు సీసాలన్నియు ఇట్టి చవుక సీసాలే. దావీదు చనిపోయిన తొమ్మిదివందల యేండ్లకు పైబడి అవి పుట్టినవి. వాటిని మనస్సున నుంచుకొని దావీదు కీర్తన వ్రాసెననుట, కేరీగారు గోలీ సోడా త్రాగెననుట వంటిదే.

అయితే రోమనులైనను వాటిలో కన్నీళ్లు పట్టిరా? ఆ సీసాలు వ్రేలెడు పొడవుండును. అడుగున కొంచెము ఉబ్బి, మెడ సన్నముగా నుండును. అత్తరు బొట్టు బొట్టుగా జారుటకు అట్టి మెడ అనుకూలము. చెంప మీదనుండి జారు కన్నీటిని అంత సన్నని మెడలోనికి పట్టుట ఎంత కష్టమో మీరే ఆలోచించుడి. మరియు అవి సమాధులలోనే గాక ఇండ్లలోను, స్నానశాలలలోను దొరకుచున్నవి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపే పట్టణములోను దొరికినవి. కొన్నిటి అడుగున మిగిలిన మడ్డిని రసాయన పరీక్ష చేయగా నూనెలును, క్రొవ్వులును, ముఖమునకు పూయు రంగుపొడులును కనబడెను. అంత్యక్రియలను గూర్చి విస్తారముగా వ్రాసిన రోమా గ్రంథకర్తలలో ఎవడును కన్నీళ్లను సీసాలలో పట్టు ఆచారమును చెప్పలేదు.

మరి ఆ కథ ఎట్లు పుట్టెను? సమాధులలో ఈ సీసాలు దొరికినప్పుడు, పూర్వపు పండితులు, సమాధిలో ఉన్నది గనుక దుఃఖమునకు సంబంధించినదై యుండునని ఊహించి, కన్నీటి పాత్ర అని అర్థమిచ్చు లాటిను పేరు పెట్టిరి. 17వ శతాబ్దపు ఆరంభమునకే ఆ తలంపు ఐరోపాలో వ్యాపించియుండెను. 1623లో అచ్చుపడిన షేక్స్పియరు నాటకమొకటి, క్లియోపాత్రా రాణి కథ, దానిని ప్రస్తావించుచున్నది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు కీర్తన 56లో సీసా అను అర్థము తోచు మాటనే వాడినది. ఆ మాటను చూచిన ప్రసంగీకులు కీర్తనకును సీసాకును పెండ్లి చేసిరి. ముందు పేరు పుట్టెను, పేరు నుండి ఆచారము కల్పింపబడెను, ఆచారము నుండి వ్యాఖ్యానము పుట్టెను. చివరకు అది మా నోటికి వచ్చెను.

మరియొక సంగతి చెప్పవలెను. వందల యేండ్లు భూమిలో పడియున్న గాజుకు నెమలి కంఠమువంటి రంగులు వచ్చును. నేలలోని తడి గాజులోని క్షారమును లాగివేయగా, పైభాగము పలుచని పొరలు పొరలుగా ఊడును. వాటిమీద వెలుగు పడి రంగులుగా మెరయును. చూపరులు ఎంత అందమని మెచ్చుకొందురు. కాని ఆ రంగులు పనివాడు వేసినవి కావు. గాజు చెడిపోవుటవలన వచ్చినవి. మా కథకు ఉండిన అందమును అటువంటిదే. నోటినుండి నోటికి వచ్చుచు, నిజము తరిగిన కొలది అది మెరసెను.

దిద్దవలెనా, ఊరకుండవలెనా?

ఇట్లు తెలిసిన పిమ్మట మా ముందు ఒక ప్రశ్న నిలిచెను. మేలు చేసిన అబద్ధమును దిద్దవలెనా, ఊరకుండవలెనా? ఇది కాపరులకు మాత్రమే కలుగు ప్రశ్న కాదు. పిల్లలకు బోధించు తల్లిదండ్రులకును, సండేస్కూలు ఉపాధ్యాయులకును, పంచాయితీలో సాక్ష్యము చెప్పు పెద్దలకును కలుగు ప్రశ్నయే.

మా సంఘపెద్దలలో వృద్ధుడైన ఒకనికి మేమీ సంగతి చెప్పగా ఆయన, “అయ్యగారూ, ఆ తల్లి ఆ మాట పట్టుకునే బతుకుతున్నది. సీసా నిజమైతే ఏమి, కాకపోతే ఏమి? ఆదరణ నిజమే గదా. మానుతున్న పుండును ఎందుకు కదిలిస్తారు?” అనెను. ఆయన కఠినుడు కాడు, అబద్ధికుడును కాడు. ప్రేమచేత ఆ మాట చెప్పెను. కాబట్టి ఆయన పక్షమున చెప్పదగిన మాటలన్నియు మేము మనస్సున తూచి చూచుకొంటిమి.

మొదటి మాట. ప్రభువు కూడ ఉపమానములు చెప్పెను గదా, తప్పిపోయిన కుమారుడు ఏ ఊరివాడని ఎవరైన అడుగుదురా? అడుగరు. ఏలయనగా ఉపమానము ఉపమానముగానే చెప్పబడినది. వినువాడు దాని భావమును పట్టుకొనునే గాని దానిని వార్తగా పుచ్చుకొనడు. నాతాను ప్రవక్త దావీదునకు గొఱ్ఱెపిల్ల కథను నిజముగా జరిగిన వ్యాజ్యెమువలె చెప్పినమాట సత్యమే. కాని దావీదు తీర్పు చెప్పిన వెంటనే, ఆ మనుష్యుడు నీవేయని నాతాను తానే ముసుగు తీసివేసెను. మేమట్లు చేయలేదు. పురావస్తు శాస్త్రజ్ఞులు కనుగొనిరని చెప్పితిమి. మా మాటకు వారి పేరు సాక్ష్యముగా నుంచితిమి. మేము చెప్పినది ఉపమానము కాదు, సాక్ష్యము. అది తప్పుడు సాక్ష్యమాయెను.

రెండవ మాట. ఫలము మంచిది గదా? ఈ మాటకు యోబు చాల కాలము క్రిందటనే ఉత్తరమిచ్చియున్నాడు. దేవుని పక్షముగా మాటలాడుచున్నామని తలంచిన తన స్నేహితులను, ఆయన కొరకు మోసముగా పలుకుదురాయని అతడు అడిగెను. గ్రంథాంతమున దేవుడు కోపగించినది ఆ స్నేహితుల మీదనే. తన అబద్ధముచేత దేవుని సత్యము హెచ్చినదను సాకును పౌలు రోమా పత్రికలో ఎత్తి చూపి, మేలు కలుగుటకై కీడు చేయుదమనువారిని ఖండించెను. దేవుని సత్యమునకు మన అబద్ధము ఆసరా కానక్కరలేదు. ఆసరా కావలెనని మనము తలంచినయెడల, సత్యము నిలువదని మనమే ఒప్పుకొన్నట్లు.

మూడవ మాట. ఎవరికి నష్టము? దీనినే మేము ఎక్కువగా ఆలోచించితిమి. నూతి చేదకు కుళ్లిన త్రాడు కట్టినను కొన్ని దినములు నీళ్లు వచ్చును. ఒక దినమున అది తెగును. తెగినప్పుడు త్రాడు మాత్రమే పోదు, బొక్కెనయు నూతిలో పడును. అదే నోటితో, అదే సమాధి యొద్ద, మేము రెండు సంగతులు చెప్పితిమి. ఒకటి రోమనుల కన్నీటి సీసాలు. రెండవది మన ప్రభువు మృతులలోనుండి లేచెననుట. మొదటిదానిని పరీక్షింపక చెప్పినవాని నోట రెండవదానిని ఎవరు నమ్ముదురు? నేడు ప్రతి యింటను చేతి ఫోనున్నది. ఆ తల్లి బంధువుల పిల్లవాడొకడు ఒక సాయంకాలమున ఫోను చూచి, సీసాల కథ వట్టిదని ఆమెతో చెప్పినయెడల, ఆమె సీసాను మాత్రమే విడుచునా, కీర్తననుకూడ విడుచునా? క్రీస్తు లేవకపోయినయెడల తాము దేవుని విషయమై అబద్ధ సాక్షులగుదుమని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఆయన తన బోధ యంతటిని సాక్ష్యపు సత్యముమీద నిలిపెను. మేము ఆ సాక్ష్యము ప్రక్కన పరీక్షింపని కథను కూర్చుండబెట్టితిమి.

ఇంకొకటి దాచుట న్యాయము కాదు. ఆదరణకొరకే మేము ఆ కథ చెప్పితిమా? కొంతవరకు అవును. కాని జనులు కన్నీరు కార్చుట చూచి, బాగుగా చెప్పితిమని సంతోషించుటయు మాలో ఉండెను. దేవుని వాక్యము చాలదు, దానికి మెరుగు పెట్టవలెనని మేము తలంచితిమి. అబద్ధము తరచుగా ఆ తలంపు నుండియే పుట్టును.

నిజమైన సీసాలే మేలు

చిత్రమేమనగా, వట్టి కథను తీసివేసిన పిమ్మట కీర్తనయు, ఆ సీసాలును మునుపటికంటె ఎక్కువగా మాతో మాటలాడెను.

కీర్తన 56లో బుడ్డి అని మనము చదువు మాటకు హెబ్రీలో నోద్ అని యున్నది. అది గాజు కాదు, తోలు. కీర్తన 119:83లో పొగ తగులుచున్న సిద్దె అన్నచోట ఉన్నదియు ఆ మాటయే. గిబియోనీయులు యెహోషువ యొద్దకు తెచ్చిన పాత సిద్దెలును, యాయేలు పాలు పోసిన బుడ్డియు అట్టివే. మేకతోలును కుట్టి చేసిన ఆ సిద్దెను కాపరులును బాటసారులును మోసెడివారు. ఈ కీర్తన దావీదు గాతులో ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పటిదని దాని పైవ్రాత చెప్పుచున్నది. అతడు ఇల్లు విడిచి పారిపోయి తిరుగుచున్నవాడు. అట్టివానికి సిద్దెలోని నీళ్లే ప్రాణము. ఒక్క చుక్కయు నేలపాలు కానియ్యడు. బాటసారి తన నీళ్లను కాచుకొనునట్లు దేవుడు మన కన్నీళ్లను కాచుచున్నాడని దావీదు చెప్పుచున్నాడు.

వట్టి కథకును నిజమైన కీర్తనకును ఇంకొక భేదము గలదు. కథలో ఏడ్చువాడే తన కన్నీళ్లను పట్టుకొనవలెను. సీసా కొనలేనివాడు ఏమి చేయును? పొలముగట్టున ఒంటరిగా, కొంగు నోట నుంచుకొని ఏడ్చిన కూలి స్త్రీ ఏమి చేయును? కీర్తనలో పట్టువాడు దేవుడే. సిద్దె ఆయనది, లెక్క ఆయనది, వ్రాసియుంచు కవిలెయు ఆయనది. ఏడ్చువాడు ఏడ్చుట తప్ప మరేమియు చేయనక్కరలేదు.

ఇక అత్తరు సీసాల సంగతి. స్పెయిను దేశములో సెవిల్ జిల్లాయందు కార్మోనా అను పట్టణము కలదు. 2019లో అచ్చట ఒక కుటుంబము తమ యింటిని బాగుచేయించుచుండగా, నేల క్రింద రమారమి రెండువేల యేండ్లనాటి రోమా సమాధి బయలుపడెను. దొంగల చేయి పడని సమాధి. దానిలో ఎనిమిది గూళ్లు, ఆరింటిలో దహనము చేసిన అస్థికల పాత్రలు. ఒక గాజు పాత్రలో ఒక స్త్రీ అస్థికలతోకూడ చిన్న అత్తరు బుడ్డి యుండెను. అది స్ఫటికపు రాతితో చెక్కినది. దాని మూతకు కీలు పూసి గట్టిగా బిగించియుండిరి. కొర్దోబా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, లోపల ఉన్నది పచౌలి అని 2023లో ప్రకటించిరి. పచౌలి మన తూర్పు దేశముల మొక్క. బేతనియలో ఆ స్త్రీ ప్రభువు తలమీద పోసిన జటామాంసియు మన హిమాలయములలో పెరుగునదే. ఎంత దూరము నుండి, ఎంత వ్యయముతో ఆ సువాసన తెచ్చిరో చూడుడి.

అదే సమాధిలో ఒక పురుషుని అస్థికలున్న గాజు పాత్రలో దాదాపు ఐదు లీటర్ల ఎఱ్ఱని ద్రవము నిలిచియుండెను. అది ద్రాక్షారసమని 2024లో తేల్చిరి. రంగు ఎఱ్ఱగానున్నను, పరీక్షింపగా మొదట అది తెల్ల ద్రాక్షారసమని తెలిసెను. కంటికి కనబడినదానిని వారు నమ్మలేదు, పరీక్షించి నమ్మిరి.

జర్మనీలో స్పైయర్ పట్టణము నొద్ద 1867లో ఒక రోమా సమాధిలో దొరికిన గాజు సీసా ఇంకొకటి గలదు. క్రీ.శ. నాలుగవ శతాబ్దపు ఆ సీసాలో ద్రవము నేటివరకు నిలిచియున్నది. ఒలీవ నూనె పైపొరయై మైనపు ముద్రతోకూడి దానిని కాపాడెను. అది ద్రాక్షారసమని అనుకొందురు గాని, సీసాను ఎవరును తెరువలేదు గనుక దాని రుచి ఎట్టిదో ఎవరును చెప్పరు. మన సంఘములకు ప్రొటెస్టంటు అను పేరు వచ్చినది ఆ స్పైయర్ పట్టణములోనే 1529లో జరిగిన సభనుండి. ఆ పేరునకు మూలమైన లాటిను మాటకు సాక్ష్యమిచ్చుటయని అర్థము. సాక్షి తానెరిగినది చెప్పవలెను. తెరువని సీసాను గూర్చి ఊరకుండవలెను.

ఈ సీసాలన్నియు చెప్పు మాట ఒక్కటే. దుఃఖించినవారు తమవారి కొరకు సువాసనను తెచ్చిరి, రసమును తెచ్చిరి, మూతి బిగించి ముద్ర వేసిరి. సీసా అత్తరును రెండువేల యేండ్లు కాపాడెను గాని మనిషిని కాపాడలేకపోయెను. మన సువార్తలోను అట్టి సీసాలు గలవు. ఆదివారమున తెల్లవారుచుండగా స్త్రీలు సుగంధ ద్రవ్యములు పట్టుకొని ప్రభువు సమాధి యొద్దకు వచ్చిరి. వాటితో వారికి పని పడలేదు. శవమునకు పూయుటకు తెచ్చిన సుగంధమును అట్లే చేతపట్టుకొని వారు తిరిగి వెళ్లవలసి వచ్చెను. కన్నీటి సీసాల కథకంటె ఇది ఎంత గొప్ప ఆదరణ! ఇది సమాధి యొద్ద చెప్పదగిన మాట. దీనిని విడిచి మేము కథను వెదకితిమి.

ఆ తల్లి యింట

లెంటు దినములలో ఒక సాయంకాలము మేము ఆ తల్లి యింటికి వెళ్లితిమి. ఆమె మిరపకోతనుండి అప్పుడే వచ్చి కాళ్లు కడుగుకొనుచుండెను. మంచము వాల్చి కూర్చుండమనెను. గోడగూటిలో బైబిలు ప్రక్కన గోధుమరంగు గాజుతో చేసిన మందు సీసా ఒకటి యుండెను. మేము దానివైపు చూచుట కనిపెట్టి ఆమె, “పిల్లాడు ఆఖరున తాగిన టానిక్కు సీసా అయ్యగారూ. మీరు ఆ రోజు చెప్పారు గదా, అప్పటినుంచి ఇందులోనే” అనెను. తీసి చేతికిచ్చెను. లోపల ఏమియు లేదు. అడుగున తెల్లని మరక మాత్రముండెను.

మేము ఏ మాటకొరకు వచ్చితిమో ఆ మాట గొంతులో నిలిచిపోయెను. రోమనులు చేయని పనిని మా కథ ఈమె చేత చేయించినది. ఆ పెద్ద చెప్పినదే మేలేమో, ఊరకే ప్రార్థన చేసి వెళ్లుదమా అని తోచెను. తుదకు ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. సీసాల కథ నిజము కాదని, మేము విచారింపక చెప్పితిమని, మమ్మును క్షమింపుమని అడిగితిమి.

ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, “అయితే కీర్తన కూడా అంతేనా అయ్యగారూ?” అనెను.

“కాదమ్మా. కీర్తన దేవునిది. సీసా కథ మాది.” అని సిద్దె సంగతి ఆమెకు వివరించితిమి. ఆమె వినెను. తల ఊపెను. పిమ్మట ఆమె అడిగిన ప్రశ్న నేటికిని మమ్మును విడువలేదు. “ఇంకా అట్లాంటివి ఏమైనా చెప్పి ఉన్నారా అయ్యగారూ?”

మేము ఉత్తరమియ్యలేకపోతిమి. చూచి చెప్పుదుమమ్మా అని మాత్రము పలికితిమి. లేచునప్పుడు ఆమె, “ఈ సీసా పారెయ్యాలా?” అనెను. “వద్దమ్మా. అది నీ బిడ్డ మందు సీసా. ఉంచుకో. దేవుని బుడ్డి మాత్రం అది కాదు” అంటిమి. ఆమె దానిని కొంగుతో తుడిచి మరల గూటిలో పెట్టెను.

ఇంటికి వచ్చి మా ప్రసంగముల నోటుపుస్తకములన్నియు విప్పితిమి. మరి రెండు దొరికినవి. సూదిబెజ్జమనగా యెరూషలేములోని ఒక చిన్న గుమ్మమనియు, ఒంటె మోకరించి బరువు దించినయెడల దూరగలదనియు చెప్పుచుంటిమి. అట్టి గుమ్మము ప్రభువు దినములలో ఉండెననుటకు ఆధారమేమియు లేదు. పక్షిరాజు నలువది యేండ్లకు తన ముక్కును బండకు కొట్టి ఊడగొట్టుకొని, క్రొత్త ముక్కు వచ్చి మరల యౌవనము పొందునని చెప్పుచుంటిమి. ఏ పక్షిరాజును అట్లు చేయదు. ముక్కు పోయిన పక్షి ఆకలితో చచ్చును. తరువాతి ఆదివారమున ఈ మూడింటిని సంఘము ముందర పేరు పేరున ఒప్పుకొంటిమి. కొందరు నవ్విరి. కొందరు నొచ్చుకొనిరి. ఆ తల్లి ముందు వరుసలో చాపమీద కూర్చుండి వినెను.

ప్రియులారా, ఈ సంగతి మీకేల వ్రాసితిమి? మీలో అనేకులు ప్రార్థనకూటములలో సాక్ష్యము చెప్పుదురు. పిల్లలకు కథలు చెప్పుదురు. ఫోనులలో వచ్చిన ఆశ్చర్యకరమైన వార్తలను, నోవహు ఓడ దొరికెననియు, మరేదో కనబడెననియు, దేవునికి మహిమయని ఇతరులకు పంపుదురు. పంపకమునుపు ఒక్క క్షణమాగుడి. ఇది మాకెట్లు తెలిసెనని మిమ్మును మీరే అడుగుకొనుడి. తెలియనియెడల పంపకుడి. చెప్పిన తరువాత తప్పని తెలిసినయెడల, ఎవరికి చెప్పితిరో వారియొద్దకే వెళ్లి దిద్దుకొనుడి. లూకా సువార్త వ్రాయుటకు ముందు అన్నిటిని మొదటినుండి జాగ్రత్తగా విచారించెనని తన మొదటి అధ్యాయములో చెప్పుకొనెను. పరిశుద్ధాత్మచేత నడిపింపబడినవాడే విచారణ మానలేదు. మనము ఎట్లు మానుదుము?

మరి మిమ్మును దిద్దుటకు వచ్చినవాడు మీకంటె చిన్నవాడైనను కోపపడకుడి. మేము కోపపడితిమి. ఆ యౌవనుని పిలిచి క్షమాపణ చెప్పుకొంటిమి.

ఆ గూటిలోని మందు సీసా వెయ్యి యేండ్ల తరువాత భూమిలో ఎవరికైన దొరకవచ్చును. దాని రూపము చూచి, అది ఫలాని కాలపు మందు సీసాయని వారు చెప్పుదురు. వారు చెప్పునది సత్యమే. అందులో ఒక తల్లి కన్నీరు పడెనని వారికి తెలియదు, ఎండిన కన్నీరు వారికి చెప్పగలిగినది ఏమియు లేదు. కాని ఒకడు ఎరుగును. ఆయన కవిలెలో అది వ్రాయబడియున్నది. ఆయన ప్రతి కన్నీటిబొట్టును తుడుచు దినము వచ్చుచున్నది. ఇది మేము పరీక్షింపక చెప్పుచున్న కథ కాదు. ఖాళీయైన సమాధి దీనికి సాక్ష్యము.

సత్యవంతుడైన దేవుడు మన నోళ్లను సత్యముతో కాపాడును గాక. ఆమేన్.